పాట ఆపేదెవరు

డెన్మార్క్‌లో ఒక చిన్న ఊరి చర్చి. మేడ మీద ఆర్గాన్ దగ్గర ఇద్దరు: ఆర్గాన్ వాయించే గుడ్రున్, లాప్‌టాప్ పట్టుకొచ్చిన ఎస్బెన్.

“ఆపు! ఆపవయ్యా బాబూ, ఆపు!”

“ఇంకా మొదలే కాలేదండీ, ఇది ముందొచ్చే చిన్న—”

“ముందూ లేదు, వెనకా లేదు. ఛీ! చెవిలో దోమ దూరినట్టుంది. పాట, పాట అంటూ వారం నుంచీ నా ప్రాణం తీసింది దీనికోసమా?”

“దీనికోసమేనండీ. గుడ్రున్ గారూ, కాస్త ఓపిక పడితే—”

“ఎస్బెన్, నాయనా. శవపెట్టె ముందు, ఏడ్చే జనం మధ్య, ఈ కీచుగోలా? పాస్టరమ్మ ఏమంది?”

“ఆవిడకి అభ్యంతరం లేదన్నారు. సంగీతం మాత్రం మీ ఇష్టమే, మిమ్మల్నే ఒప్పించుకోమన్నారు.”

“అదీ సంగతి! మంచిది అనిపించుకునేది ఆవిడ, కాదని చెడ్డదాన్నయ్యేది నేను.”

“మీరూ కాదనకండి మరి.”

“అంటాను. కాదు. వినబడిందా? పోయిన నెల ఒకళ్ళు ఇలాగే ఫోను పట్టుకొచ్చారు. తాతగారికి ఇష్టమైన పాటట. పోనీలే కదాని పెట్టనిచ్చాను. సగంలో పాట ఆగిపోయి పరుపుల ప్రకటన! ‘హాయిగా నిద్రపోండి, సగం ధరకే’ అని! శవం ముందు! తల్చుకుంటే ఇప్పటికీ కంపరం పుడుతోంది.”

“అందుకేనండీ నేనిలా తెచ్చింది. ఇందులో ప్రకటనల్లేవు, ఇంటర్నెట్టే అక్కర్లేదు. చూడండి, నల్ల తెర. వాయించే ప్రోగ్రాం పేరు టైపు చేస్తాను, పక్కన ఫైలు పేరు, ఎంటర్. అంతే.”

“బొమ్మా లేదు, బటనూ లేదు. స్టేషన్లో పాడైపోయిన బోర్డులా ఉంది.”

“ఫైలెంతనుకున్నారు? ఫోన్లో తీసే ఒక్క ఫోటోలో వెయ్యో వంతు.”

“వినబడుతూనే ఉంది ఆ పిసినారితనం.”

“అయ్యో, ఉండండుండండి, పొరపాటు చేశాను. పాతకాలపు కంప్యూటర్లలో శబ్దం పుట్టించే చిప్‌లు రెండు రకాలు; కొత్త రకం దానిలా మోగించాను. ఇది పాత చిప్ కోసం చేసిన పాట. ఆ ముక్క కూడా టైపు చెయ్యాలి... ఆఁ, ఇప్పుడు వినండి.”

“తేడా ఏముంది?”

“బాస్ అండీ, ఆ కింది స్వరాలు! ఇందాక గొంతు పట్టేసినట్టుంది, ఇప్పుడు విడిచింది.”

“ఇందాక పలచటి మురికినీళ్ళు, ఇప్పుడు చిక్కటి మురికినీళ్ళు. ఎవడు చేశాడిది?”

“గుడ్లగూబ.”

“నేనడిగింది పేరు.”

“అదే పేరండీ. కుర్రతనంలో కంప్యూటర్ మీద పాటలు కట్టే మేమందరం అలాంటి పేర్లే పెట్టుకున్నాం. ఫైల్లో కూడా అదే ఉంటుంది. మాలో ఎవరూ అసలు పేరు అడగరు.”

“థూ! యాభై దాటిన మగాళ్ళు... గుడ్లగూబలూ, గబ్బిలాలూ. సరే, ఆ గుడ్లగూబ గారిని పెట్టెలో తీసుకొచ్చేదెప్పుడు?”

“అదింకా తేలలేదండీ.”

“తేలకపోవడమేమిటి? పెళ్ళా, వీలు చూసుకుని పెట్టుకోడానికి?”

“చెప్తాను, చెప్తాను. ముందు పాట వినండి. ఇందులో ఉన్నవి మూడే గొంతులు. ఆ చిప్‌కి అంతకన్నా లేవు.”

“మూడే అయితే మరి ఆ సంతగోల ఎక్కణ్ణించొచ్చింది?”

“అదే గమ్మత్తు. ఒకే గొంతులో మూడు స్వరాల్ని గబగబా తిప్పెయ్యడం. చెవి మూడింటినీ కలిపేసుకుని వింటుంది. ఉండండి, మిగతా రెండిటి నోరు మూయించి ఇదొక్కటీ వినిపిస్తా.”

“అబ్బబ్బ! పన్ను తొలుస్తున్నట్టుంది. తీసెయ్, తీసెయ్! కింది గొంతు పెట్టు.”

“ఇదిగోండి.”

“...ఊఁ.”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదు.”

“ఊఁ అన్నారు.”

“బాస్ నడపడం తెలుసు వాడికి. అంతే. తెలిసీ దాని నెత్తిన ఆ కీచు తగిలించాడే, అందుకు ఇంకా ఒళ్ళు మండుతోంది. మంచి రొట్టె మీద సబ్బు రాసినట్టు. సరే, మూడూ కలిపి పెట్టు. ముగింపు విని పొమ్మంటాను.”

“ముగింపు లేదండీ.”

“ఏమిటీ?”

“కంప్యూటర్ ఆట కోసం చేసిన పాట. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది. ఆడేవాడు చచ్చేదాకా మోగుతూనే ఉండాలి.”

“ఛీ ఛీ! చర్చిలో కూర్చుని ఏం మాటలవి! చచ్చాక?”

“దానికి ఇదే ఫైల్లో రెండో ముక్క ఉంది. నంబరేస్తే చాలు... ఇదిగో.”

“జలుబు చేసిన బాతు.”

“అవునండీ. అది వద్దు. మొదటిదే కావాలి, పెట్టె బయటికి వెళ్ళేటప్పుడు.”

“నాకేదీ వద్దు! చెప్తుంటే అర్థం కాదా నీకు? ఇంట్లో పెట్టుకు వినండి. మీ గబ్బిలాలన్నీ చేరి వినండి. ఇక్కడే ఎందుకు?”

“ఎక్కడా మోగలేదండీ ఇది. ఆట బయటికి రాకుండానే ఆ కంపెనీ మూతపడింది. ఎవడో ఒకడు ఒంటరిగా కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినడమే. మనుషులు నిండిన చోట ఒక్కసారైనా మోగలేదు. ఇక్కడ మీరు కాదంటే ఇంక మోగదు.”

“ఏడుపు మొహం పెట్టకు. అదంటే నాకింకా రోత.”

“పెట్టట్లేదండీ. మొహమే ఇంత.”

“...ముగింపు లేదంటున్నావు. మరి జనం ఇళ్ళకి పోయినా అరుస్తూనే ఉంటుందా? ఇంతసేపటికి ఆగు అని ముందే చెప్పలేవూ దానికి?”

“చెప్పొచ్చు. ఎంతని చెప్పను? మోసేవాళ్ళు ఎలా నడుస్తారో, ఎవరు మధ్యలో ఆగిపోతారో. పెట్టె గుమ్మం దాటకుండా పాట టక్కున తెగిపోతే దరిద్రంగా ఉంటుంది. ఇక్కణ్ణించి ఒకళ్ళు చూసి ఆపాలి. కింద జరిగేది చూడ్డానికి ఆర్గాన్ మీద పెట్టుకున్నారే, మీ అద్దం, అందులో గుమ్మం కనబడుతుంది కదా.”

“ఓహో! ఈ రోతని నాచేత ఆపించడానికొచ్చావన్నమాట!”

“ఒక్క మీటండీ. ఈ మూల ఉన్నది. పెట్టె గుమ్మం దాటాక నొక్కితే చాలు.”

“నేను ముట్టను. నువ్వే రా. బల్ల జరుపుతాను, నా పక్కన కూర్చో. నువ్వే మోగించుకో, నువ్వే ఆపుకో. నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను. అలా అయితే ఒప్పుకుంటా. పాస్టరమ్మ కోసం.”

“ఒప్పుకున్నట్టేనా?”

“నువ్వొచ్చి నొక్కితే.”

“నేను రాలేనండీ.”

“ఎందుకు రాలేవు?”

“వీలుపడదు.”

“తారీఖే తేలలేదన్నావుగా! వీలైన రోజే పెట్టించుకో.”

“ఏ రోజైనా వీలుపడదండీ. మీరే నొక్కాలి.”

“ఛీ! ఇందాకట్నించీ ఆ పాటని చూసి అసహ్యించుకున్నాను. పాపం, పాట నయం. ఇప్పుడు నిన్ను చూస్తే వేస్తోంది అసలు అసహ్యం. స్నేహితుడి పాట మోగాలి, స్నేహితుడి పాట మోగాలని నా బుర్ర తినేసి, తీరా ఆ రోజు మేడెక్కి ఒక్క మీట నొక్కడానికి మాత్రం నీకు వీలుపడదా? చావంటే అంత భయమా? నిన్ను నమ్ముకుని పోయాడే, వాణ్ణి చూస్తే జాలేస్తోంది!”

“స్నేహితుడని నేననలేదండీ.”

“మరెవడు వాడు? ఆ గుడ్లగూబ ఎవడు నీకు?”

“నేనేనండీ. డాక్టర్లు ఇంక చేసేదేం లేదన్నారు... ఆ రోజు మీ అద్దంలో గుమ్మం దాటేది నేనే, గుడ్రున్ గారూ.”