నల్లజీడి గుర్తు

ఏంది బిడ్డా, 'మారు, మార్చు' అన్న మాటకు అర్థం రాసి, పది సొంత వాక్యాలు రాసుకరమ్మన్నదా మీ టీచరు? రాయి మరి. బస్సు మారినం. ఇల్లు మారిండ్రు. మాట మార్చిండు. వంద నోటు మార్చిండు. పాలు తోడేస్తె పెరుగుగ మారినయ్. ఇంక ఐదు నువ్వు రాసుకో, అన్నీ నేనే చెప్తె నువ్వేం చదివినట్టు. నేను బీఏ చదివే రోజులల్లనైతె ఇసుంటి మాటకు నిఘంటువు ముందలేసుకొని కూసునేటోన్ని. ఇప్పుడు ఆ మాట ఇంటె నాకు నిఘంటువు యాదికి రాదు, టైలర్ దానియేలు యాదికొస్తడు. నీకు తెల్వదు లే, నువ్వు పుట్టకముందే పోయిండు. కాజీపేటల దర్గాకు పోయే తొవ్వల, సైకిల్ షాపు పక్కపొంటి రేకుల డబ్బా ఆయనది. 'ఇచ్చట పాత బట్టలు మార్చబడును' అని బోర్డు. కొత్తబట్ట ముట్టేటోడు కాదు. ఎవలన్న తానుకెళ్లి చింపిన కొత్తగుడ్డ తెస్తె, "దీన్ల నేను మార్చేదేమున్నదన్నా, ఇది ఇంకా ఏం కాలేదు గదా" అనేటోడు. ప్యాంటు నిక్కరయ్యేది, చీర లంగయ్యేది, లంగ దిండు గలీబయ్యేది, గలీబు చినిగితె సంచి అయ్యేది. మనిషి డబ్బా ముంగటికి రాంగనే నమస్తే లేదు గిమస్తే లేదు, "ఏం మార్చాలె?" అనుడే. వాళ్ల నాయిన కాలంల కిరస్తానంల కలిసిండ్రు గదా, మా గల్లీ పోరగాండ్లు ఆట పట్టిచ్చేది, "మీ నాయిన్ను ఎవలు మార్చిండ్రే దానియేలూ?" అని. "ఫాదర్ మార్చిండు తమ్మీ, కొల్తలు తీస్కోకుంటనే" అని తనే ముందు నవ్వేటోడు. మంచి నవ్వు. గాని మనిషి మాత్రం పిరికోడు. నిజంగ పిరికోడు. బల్లి మీద వడితె దవాఖానకు పోదామనేటోడు. ఖాకీ అంగి ఆ తొవ్వల కనవడ్డదంటె మిషిన్ తొక్కే కాలు దానంతటదే ఆగేది. నేను రోజూ ఆడ పేపర్ చదువ కూసునేటోన్ని గదా, మిషిన్ సప్పుడు ఆగితె తలకాయ ఎత్తకుంటనే పోలీసోళ్లు పోతాండ్రని తెలిసేది నాకు.

ఏం చెప్తాన? ఆ, మొగిలమ్మ. ములుగు దిక్కు మనిషి, మొగడు పోయినంక కాజీపేటకొచ్చి స్టేషన్ కాడ కూరగాయలు అమ్మేది. ఒక్కడే కొడుకు, సారంగపాణి, కాలేజీల చదివేటోడు. ఆమె చీర ఆమెనే ఉతుక్కునేది గాని కొడుకు తెల్లంగి, తువ్వాల మాత్రం బట్టలుతికే వెంకట్రాజానికే ఏసేది, ఇస్త్రీ మడత నలుగకుంట పోవాలె కాలేజీకి అని. ఒకలవి ఒకలవాట్ల కలువకుంట వెంకట్రాజం ఇంటికో గుర్తు పెట్టేటోడు. నల్లజీడి గింజను సూదితోని గుచ్చి, ఆ రసంతోని అంగి కింది అంచు లోపల్దిక్కు చుక్కలు గీతలు పెడ్తరు. సబ్బుకు పోదది, సున్నానికి పోదది, అంగి పీలికలైనా ఆ గుర్తు పోదు. మొగిలమ్మ ఇంటిది మూడు చుక్కలు, మీద ఒక అడ్డగీత. ఎనబై ఐదు, వానకాలం. పొద్దున్నే మొగిలమ్మ మూట తెచ్చి దానియేలు ముంగట పెట్టింది. రెండంగీలు, రెండు ప్యాంట్లు, గుర్తున్నది ఒక్క తెల్లంగికే. "ఏం మార్చాలె అక్కా?" అన్నడీయన. "ఏదన్న జెయ్యి తమ్మీ. నా కొడుకు బట్టలని మాత్రం ఎవ్వలకు కనవడద్దు" అన్నది. అంతే, మిషిన్ తొక్కే కాలు ఆగింది. సారంగపాణి కనవడక అప్పటికి ఇరవై రోజులు. అడవిలకు పోయిండని, తుపాకులోళ్లల్ల కలిసిండని గల్లీ అంతటికి తెలుసు, నోటితోని అన్నోడు లేడు. "అక్కా, నాకు పెండ్లాం ఉన్నది" అన్నడు దానియేలు. "నాకు కొడుకున్నడు" అన్నది మొగిలమ్మ. డబ్బా ఎనక ఇంట్లకెళ్లి ఆయన భార్య ప్రమీల వచ్చింది, ఈయన దిక్కు చూడను కూడ చూడలె, మూట తీస్కొని లోపల్కి పోయింది.

ప్యాంట్లు సంచులైనయ్. అంగీలు ఇప్పి బొంతల కలిపిండు. ప్రమీల చెప్పనే చెప్పింది, "ఆ గుర్తు ముక్క కత్తిరిచ్చి పొయ్యిల వెయ్యి" అని. కత్తిరిచ్చిండు గూడ. అరచేతంత ముక్క. పొయ్యి కాడికి పోయి నిలవడ్డడు. బిడ్డా, ఇరవై ఏండ్లు గుడ్డను నిలవెట్టినోడు, గుడ్డను కాలవెట్టుడు ఆయన చేతులకు రాలె. ఎనకకొచ్చి బొంత నడుమ పొరల పెట్టి, మీదికెళ్లి ప్రమీలది పాత నీలం చీర పరిచి కుట్టిండు. ఇగ ఎవలు చూస్తరు అనుకున్నడు. గంతే ఆయన చేసిన తప్పు.

పదిరోజులకు ఎస్సై వచ్చిండు. పేరొద్దు లే, ఆయన గూడ లేడిప్పుడు. నేను ఆన్నే ఉన్న, పేపర్ల మొఖం పెట్టుకున్న, అచ్చరం ఒక్కటి కనవడితె ఒట్టు. ములుగు అడవుల ఎక్కడ్నో దొరికిందట ఒక తువ్వాల, చేతుల పట్టుకచ్చిండు. మూడు చుక్కలు, అడ్డగీత. వెంకట్రాజాన్ని అడిగితె, "దొరా, నాకు కండ్లు అవుపడ్తలెవ్వు, ఎవల గుర్తు ఎవలదో యాదికి లేదు" అన్నడట. రెండు దెబ్బలు తిన్నడు గాని అంతకు మించి చెప్పలె. అందుకని ఎస్సై టైలర్ల మీద పడ్డడు. "ఈ గుర్తున్న బట్ట నీకాడికి వచ్చిందా?" అనుకుంట బల్ల మీద కూసున్నడు. బల్ల మీద ఏమున్నది? ఆ బొంతనే, మడత పెట్టి ఉన్నది. దానియేలు నాకు తర్వాత చెప్పిండు, "అన్నా, ఆయన కూసున్నది బొంత మీద గాదు, నా పానం మీద" అని. "రాలేదు సార్" అన్నడు. తలకాయ వంచి సూదిల దారం ఎక్కిచ్చుకుంట. "ఏంది?" అన్నడు ఎస్సై. "రాలేదు సార్." ఎస్సై కొంచెం సేపు చూసిండు. చూసి చూసి లేచిండు, బొంత మీద చెయ్యి ఏసి రాసిండు. "మెత్తగున్నది. మా ఇంటామె బాలింత. పసిపోరనికి కొత్తగుడ్డ ఎయ్యద్దంటది మా అత్త, పాత బొంత కావాలంటది. ఇది నేను తీస్కపోత" అన్నడు. ఒద్దు అనాలె దానియేలు. ఎట్లంటడు చెప్పు? ఎందుకొద్దు అంటె ఏం చెప్తడు? రెండు చేతులతోని మడత పెట్టి ఇచ్చిండు. జీపు పోయినంక డబ్బా మూసి ప్రమీల కాడికి పోయి కూసున్నడు.

ఇగ అప్పటికెళ్లి చూడాలె ఆయన బతుకు. పసిపోరడు బొంత తడుపుతడా తడుపడా? నీలంచీర పాతది, పలచటిది. తడిస్తె లోపలి గుర్తు పైకి అవుపడ్తది. ఇదే ఆలోచన. అన్నం ముందల కూసొని, "ఇప్పుడు తడిపి ఉంటడు ప్రమీలా" అనేటోడు. వారానికోసారి పోలీసు క్వార్టర్ల దిక్కు సైకిల్ తొక్కేది, దండెం మీద బొంత ఆరేసి ఉంటె దూరంకెళ్లి చూసేది, దగ్గరికి పోవ భయం. ఒకసారి ధైర్యం చేసి పోయిండు, "మేడం, పైగుడ్డ మార్చి ఇస్త, పైసలొద్దు" అని. ఎస్సై భార్య విజయలక్ష్మి, సన్నటామె, మెల్లగ మాట్లాడ్తది. "మంచిగనే ఉన్నది, ఒద్దు" అని తలుపేసుకున్నది. ఆ తలుపేసుకున్న తీరుకు నాలుగు రోజులు జరం వచ్చింది ఈయనకు. ఏ తీరు అంటె చెప్పరాదు. "మెల్లగేసిందన్నా, మరీ మెల్లగేసింది" అనేటోడు.

ఏడాది దాటినంక సారంగపాణి పేరు పేపర్ల వచ్చింది, ఎదురుకాల్పులల్ల పోయిండని. నేనే చదివిన, ఆ బల్ల మీద కూసోనే. చదివి, మడత పెట్టి, దానియేలుకు ఇచ్చిన. పీనుగను గూడ ఇయ్యలేదు తల్లికి. నెలకు మొగిలమ్మ వచ్చింది. "తమ్మీ, వానిది ఫొటో గూడ నేనే కాలవెడ్తి భయానికి. వాని అంగి ముక్క ఏదన్న మిగిలిందా?" అని అడిగింది. ఎక్కడున్నదని చెప్పాలె? "ఏం మిగల్లేదు అక్కా" అన్నడు. అన్న మనిషి ఆ దినమంత మిషిన్ ఎక్కలె.

తర్వాత ఆర్నెల్లకనుకుంట, ఎండకాలం. ఆటో ఆగింది. విజయలక్ష్మి దిగింది, చంకల సంచి. దానియేలు ముందు ఆమెను చూడలె, ఆమె ఎనక జీపున్నదా అని చూసిండు. సంచిలకెళ్లి బొంత తీసి బల్ల మీద పెట్టింది. "మాకు బదిలీ అయింది. పిలగాడు పెద్దగైండు. ఒక్కకాడ పైగుడ్డ పలచబడ్డది, నేనే అతుకు ఏసిన. అది ఇప్పకు. ఇది ఎవలిదో వాళ్లకియ్యి" అన్నది. గంతే. ఆటోల కూసొని పోయింది. ఎర్రపూల గుడ్డ, బిడ్డా, అరచేతంత అతుకు, చుట్టూ రెండు వరుసల కుట్టు. సరిగ్గ ఆ గుర్తు మీదనే. ఎప్పుడు చూసిందో, ఏమనుకున్నదో, మొగనికి చెప్పలేదన్నది ఒక్కటే తెలుసు మనకు. ఈయనకు అదీ నమ్మకం లేదు. తనను పట్టుకునేటందుకే ఎస్సై ఇచ్చి పంపిండేమో, ఎవలికిస్తనో చూస్తాండ్రేమో అని మూడొద్దులు డబ్బా తెరువలె.

నాలుగోనాడు నన్ను తోడు తీస్కొని మొగిలమ్మ ఇంటికి పోయిండు. బొంత ఆమె ఒళ్లె పెట్టిండు. "పిలగాని అంగీలు దీన్లనే ఉన్నయక్కా" అన్నడు. ఆమె చెయ్యి బొంత మీద పారుకుంట పారుకుంట పోయి అతుకు కాడ ఆగింది. "ఇది నీ కుట్టు గాదు గదా తమ్మీ" అన్నది. గాదన్నట్టు తల ఊపిండు. జేబుల కత్తెర ఎప్పుడూ ఉండేది ఆయనకు, తీసి ఆమె ముంగట పెట్టిండు. ఆ పిరికోడు, కత్తెర తీసి పెట్టిండు. ఆమె కత్తెర దిక్కు చూసింది, తలుపు దిక్కు చూసింది. "ఒద్దు, ఉండనియ్యి" అన్నది. "ఇప్పితె గుర్తు కనవడ్తది, చూస్తరు."

"ఇంకెవలు చూస్తరక్కా," అన్న నేను, "పిలగాడే పాయె గదా."

"ఏమో అయ్యా," అన్నది, ఆ అతుకు మీద అరచెయ్యి మూసిపెట్టి, "చూస్తరు."

...

ఎన్నైనయ్ బిడ్డా వాక్యాలు? ఐదేనా? ఆ కిటికీ ఎయ్యి జర, జల్లు లోపల్కి కొడ్తాంది. నీ నోటుబుక్కు తడుస్తది.