లాంపప్ప

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో పాత గని కార్మికుల ఇళ్ళలో ఒకటి. జిల్లా ప్రముఖుల విజ్ఞాన సర్వస్వానికి వివరాలు రాసుకునేందుకు వచ్చినవాడు ముసలామె ఎదుట కూర్చుని కాగితం చదివాడు.

"చిన్నవెంకటప్ప. గనిలో రాళ్ళు కూలినప్పుడు ఆరుగుర్ని పైకి తెచ్చినాడు. సరేనా అవ్వా?"

"లాంపప్ప అని రాయప్పా. నా మొగుణ్ణి అందురూ అట్లే పిలిచినారు."

"మారుపేరు రాయాలంటే అది పేపర్లోనో పుస్తకంలోనో అచ్చయి ఉండాల. మా రూలు అది."

"గని లోపల పిలిచిన పేరు పేపర్లో యాడ వస్తాది?"

"పోనీ, అట్లా పిలిచినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి అందురూ పోయినారు."

"అయితే చిన్నవెంకటప్పే. రికార్డులో అదే ఉండాది."

"అది వాళ్ళన్న పేరప్పా. అన్న సచ్చిపోతే ఆయన సర్టిఫికెట్టు చూపించి ఈయన పనిలో చేరినాడు. సొంత పేరు బయటపడితే పని పోతాదని భయం. గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చే లాంపుల రూములో ఉండేవాడని తోటోళ్ళే లాంపప్ప అన్నారు."

"అది రాసేకి ఆధారం లేదవ్వా."

"ఇంగ నీ ఇష్టం, రాసుకో. ఆరుగుర్ని ఈయన పైకి తెచ్చినాడు. పుస్తకంలోకి వాళ్ళన్న పోతాడు."