పొలాల అమాస నాడు జీపు

పొలాల అమాస మధ్యాహ్నం. రెంజల్ దారిలో, చెరుకు తోట పక్కన బురదలో, మొన్ననే వేలంలో కొన్న పాత మిలిటరీ జీపు దిగబడింది. స్టీరింగు ముందు భర్త, గట్టు మీద భార్య.

“సూస్తున్నవేందే? ఇంటికి పోయి ఎడ్లను తోలుకరా. కట్టి గుంజిద్దాం.”

“పండుగ నాడు ఎడ్లకు కాడి పెడ్తరా? పొద్దుగాలనే కడిగి, కొమ్ములకు రంగేసి, భక్షాలు తినవెడ్తిమి.”

“జరసేపు గుంజితె ఏమైతది?”

“ఊరంత నవ్వుతది. నువ్వు దిగి నూకు, నేను గా స్టీరింగు తిప్పుత.”

“నీకేమొస్తదే తిప్పుడు?”

“నీకొచ్చింది సూస్తనే ఉన్న గదా!”

భర్త దిగి నూకాడు. జీపు కదలలేదు, అతనే మోకాళ్ల దాకా దిగబడ్డాడు.

“ఇయ్యాల కాదుగని, రేపు పొద్దుగాల ఎడ్లను తోలుకొస్త.”

“రేపెట్ల? జీపొచ్చింది, ఇగ ఎడ్లెందుకు, రేపు అంగట్ల అమ్మేస్తనని నువ్వే అంటివి.”

“గా ముచ్చట ఇప్పుడెందుకే? ఇంట్ల భక్షాలు మిగిలినయా?”

“ఆకలైతుందా?”

“నాక్కాదు. ఎడ్లకు.”