కమాండర్ గారు కొట్టేసిన లైను

ఏది, ఇటివ్వు చూద్దాం. ఆఁ, ఇదే. తొకుదోమె గారి పుస్తకం. అట్ట వెలిసిపోయింది గానీ లోపల అక్షరాలు చూడు, ఎంత కుదురుగా ఉన్నాయో! ఒక్కో సీసపు అచ్చూ నేను పేర్చినవే మరి. మీ మాస్టారు ఏమన్నారూ? పెద్ద అధికారులు రాసుకున్న జ్ఞాపకాలు నమ్మడానికి లేదన్నారా? బాగానే అన్నారు. కానీ తల్లీ, నమ్మడానికి లేదని ఊరుకుంటే ఎలా? ఎక్కడ నమ్మకూడదో తెలియాలిగా. ఇందులో నాకు తెలిసి ఒకే ఒక్క అబద్ధం ఉంది. నాకు తెలియనివాటికి నాది పూచీ కాదు, అదీ రాసుకో.

టోక్యోలో ఒలింపిక్స్ అయిన మరుసటేడు. ఇక్కడే, అబురత్సు రేవు వెనక సందులో మా ప్రెస్సు. నాకింకా ముప్పై రాలేదు. పెళ్ళిపిలుపులూ, చేపల సంఘం వాళ్ళ నోటీసులూ పేర్చిపేర్చి విసుగెత్తి ఉన్నా. అప్పుడొచ్చాడీయన. యుద్ధంలో మన తీరంలో విమానాల స్థావరానికి పెద్ద. యుద్ధం అయిపోయాక భార్య పోయింది, కొండవార గుమ్మడితీగలు పెట్టుకుని ఒంటరిగా ఉండేవాడు. ఆ నడకుందే, బజారు మొత్తం తనిఖీ చేస్తున్నట్టుండేది. మా యజమాని కూడా ఆయన్ని చూడగానే చొక్కా గుండీ పెట్టుకునేవాడంటే చూసుకో! రాసినదంతా పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి అక్షరాలు. మెకానిక్కుల పేర్లు, వంటవాడి పేరు, ఏ రోజు ఎంత గాలి వీచిందో, అన్నీ ఉన్నాయి. ఇంత గుర్తు ఎలా పెట్టుకున్నాడా అనుకున్నా. నూటనలభైమూడో పేజీ... లెక్క తప్పానేమో, చూడు, అదేనా? ఆఁ. ఆ పేజీకి ఆయనిచ్చిన రాతప్రతిలో ఒక్క లైను మాత్రం సిరాతో కొట్టేసుంది. ఎంత గట్టిగా కొట్టాడంటే కాగితం చిరిగినంత పనైంది. దాని పక్కన 'శత్రు ఓడల గాలింపుకు విమానంలో వెళ్ళిన హిదకా సెయిజి నుంచి ఏ సమాచారమూ రాలేదు' అని రాశాడు. కంపోజిటర్‌కి అలవాటు కదా, ఏం కొట్టేశాడో చూడకపోతే చెయ్యి కదలదు. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశా. కింద పెన్సిల్ రాత కనపడింది. 'తూర్పున ఓడలున్నాయని హిదకా చెప్పాడు. నేను నమ్మలేదు.'

మరి నువ్వేం చేశావంటావా? పేర్చా. ఏం రాసుంటే అదే పేర్చా. ఉద్యోగం తల్లీ. ఆ రోజు ఈయన విమానాలన్నిటినీ దక్షిణానికి పంపాడు, దెబ్బ తూర్పు నుంచి పడింది. స్థావరంలో ఇరవైఆరు మంది పోయారు, అందులో సగం మన ఊరి పిల్లలే. హిదకా తిరిగి రానే లేదు. వాళ్ళమ్మ ఇసెగారు ఆ మెట్లవీధిలో ఎగిరేచేపలు ఎండబెట్టి అమ్మేది. 'నీ కొడుకు ఆకాశంలో నిద్రపోయాడా?' అని ఒకామె ఆవిడ మొహం మీదే అడిగిందట. ఇరవైయేళ్ళు ఆ మాట మోసింది. ఇక పుస్తకం వచ్చాక అదే మాట అచ్చులోకెక్కినట్టయింది. ఒకరోజు ఆవిడే ప్రెస్సుకొచ్చింది. 'నాయనా, మావాడి పేరుందట కదా, ఒకటివ్వు' అంది. చదవడం రాదు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించా. ఆ పేరు మీద బొటనవేలితో ఇలా, దుమ్ము తుడిచినట్టు తుడిచింది. 'మంచిగానే రాశారా?' అంది.

ఆ మధ్యాహ్నమే కొండవారకి వెళ్ళా. ఆయన తీగలకి నీళ్ళు పోస్తున్నాడు. 'కొట్టేసిన లైను చదివానండీ' అన్నా. చెంబు ఆగిపోయింది. 'ఎవడు చదవమన్నాడు నిన్ను?' 'చదవకపోతే పేర్చడమెలాగండీ?' 'బయటికి నడు!' ఆ గొంతుకి తోటలో పిచ్చుకలు కూడా లేచిపోయాయి. సరే, ఉద్యోగం పోయిందనుకున్నా. పదకొండు రోజులు చప్పుడు లేదు. పన్నెండో రోజు పొద్దున్నే ప్రెస్సులోకొచ్చి నా ముందు కాగితం పెట్టాడు. 'దీన్ని చీటీలుగా వెయ్యి. మూడొందలు. పుస్తకాలెన్నో అన్ని' అన్నాడు. కాగితం మీద ఇలా ఉంది: 'హిదకా సమాచారం పంపలేదని రాశాను. పంపాడు. నేను నమ్మలేదు. తప్పు నాది.' అంతే. మా యజమాని 'పరువేం కానండీ, ఇంకోసారి ఆలోచించుకోండి' అన్నాడు. 'ఇరవైయేళ్ళు ఆలోచించాను' అన్నాడాయన. ఇక చూస్కో, సైకిలు, గిన్నెడు గంజి, ఒక కుంచె! పుస్తకం కొన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, గుమ్మంలో వంగి దణ్ణం పెట్టి, తన చేత్తో చీటీ అంటించేవాడు. కొందరు తలుపు వేసేశారు. ఒకాయన గంజిగిన్నె కాలితో తన్నాడు, పాపం ఇద్దరు కొడుకులు పోయినవాడు. ఈయన గిన్నె కడుక్కుని మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మూడోసారికి ఆ పెద్దమనిషే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇసెగారింటికి మాత్రం నన్ను తోడు రమ్మన్నాడు. మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగాడు. ఆవిడ చేపలు తిరగేస్తోంది. ఈయన నేలమీద మోకాళ్ళు ఆన్చి చీటీ చదివి వినిపించాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. 'వాడు ఎన్నిసార్లు చెప్పాడు?' అంది. ఎవరూ అడగని ప్రశ్న! 'రెండుసార్లమ్మా. విమానంలోని టెలిగ్రాఫ్ మీట మీద, తొందర లేకుండా, స్పష్టంగా. స్థావరంలో అందుకునేవాడి పక్కనే నిలబడి విన్నాను. మూడోసారి కూడా మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయింది.' ఆవిడ చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, 'అయితే అది కూడా రాయండి' అంది. అక్కడే గుమ్మంలో కూర్చుని రాశాడు. రెండో చీటీ అదే, చూడు, కింద అంటించింది. ఆ తర్వాత ఆయన అక్కడితో ఆగలేదులే. బతికున్న టెలిగ్రాఫ్ వాళ్ళనీ మెకానిక్కులనీ వెతుక్కుంటూ వెళ్ళి, 'నేను రాసింది తప్పయితే చెప్పండి' అని అడిగేవాడు. ఏడాదికో చీటీ వేయించేవాడు, పోయేదాకా.

ఆ రోజు వచ్చేటప్పుడు ఆవిడ ఆరు చేపలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. మెట్లు దిగుతూ, పొట్లం రెండు చేతులా పట్టుకుని, 'వీటిని ఎలా వండాలోయ్?' అన్నాడు. అంతటి కమాండరు! నేనే చెప్పా, సన్నసెగ మీద కాల్చాలండీ, ముందు పొట్టవైపు, తర్వాత... తర్వాత...

ఊఁ. ఏం లేదమ్మా, ఆ పొట్లం పట్టుకున్న చేతులు కళ్ళముందుకొచ్చాయి. రాసుకో.