మూత లేని సీసా

పతకమా? దానికా? ఊరుకో నాయనా! ఆ తెర మీద దాని పేరు చూసి నువ్వు కూడా తలాడించకు. ముప్పై కిలోమీటర్ల దగ్గర ఏడోది. ఏడోదానికి ఏమిస్తారు చెప్పు? సరిగ్గా చప్పట్లు కూడా కొట్టరు.

నవ్వుతున్నావా! నా మాట ఒక్క ముక్క కూడా నీకు అర్థం కావట్లేదు కదూ? నీ భాష నాకూ రాదులే. పొద్దున్నుంచి పక్కపక్క టేబుళ్ల వెనక సీసాలు పట్టుకుని నిలబడ్డాం, మీ దేశం పిల్ల కోసం నువ్వూ, మా చెల్లెలి కోసం నేనూ. ఒలింపిక్స్ మారథాన్‌లో, ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర, ఇంతకన్నా మంచి తోడు నాకెవరు దొరుకుతారు? ఏం వాగినా బయటికి పోదు.

మీ సీసాకి జెండా అంటించుకున్నారు, బాగుంది. మాదానికి ఇదిగో, ఆస్పత్రి దుప్పటి అంచు. దూరం నుంచి గుర్తుపట్టడానికట. ఒలింపిక్స్‌కి వచ్చినా దాని బుద్ధి లాండ్రీ దాటలేదు.

మా చెల్లెలు పరిగెత్తడం చూశావా అసలు? ఈగల్ని తోలుతున్నట్టు ఆ చేతులేంటి? ముందు మీ పిల్లని చూడు, ఎంత దర్జాగా పోతోందో. ఇది బస్సు తప్పిపోయినదానిలా ఉంటుంది.

నిన్న విలేకరి ఒకడు తగులుకున్నాడు. మీ చెల్లెలికి పతకం వచ్చే అవకాశం ఎంత అని. ముప్పై నాలుగేళ్లు, నలభై ఏడో ర్యాంకు, ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్ల మూటలు మోసే ఉద్యోగం. ఎంతుంటుంది? నాకు కిరీటం పెట్టి సింహాసనం మీద కూర్చోబెట్టేంత అన్నాను. రాసుకున్నాడు కూడా, వెధవ!

నాదీ అదే లాండ్రీ. అది మెషీన్ల దగ్గర, నేను ఇస్త్రీ రోలరు దగ్గర. లిఫ్టు ఎప్పుడూ చెడే ఉంటుంది. ఆరంతస్తులు మెట్లెక్కి దుప్పట్లు ఇచ్చి రావాలి. 'ఆ మెట్లే నా ట్రైనింగు' అని పేపరువాళ్లకి చెబుతుంది, గొప్పగా. ఆ మెట్లు నేనెక్కలేదా? నా గురించి ఎవడు రాశాడు?

అసలు ముందు పరిగెత్తింది నేను. తెలుసా నీకు? అది నా చెప్పులూ, నా నీళ్ల సీసా పట్టుకుని మైదానం గేటు దగ్గర నిలబడేది. ఒకరోజు మోకాలు పట్టేసి నేను కూలబడ్డాను. కోచ్ దాన్ని చూసి, 'ఊరికే నిలబడేబదులు నువ్వో రెండు రౌండ్లు కొట్టు' అన్నాడు. కొట్టింది. ఇంకా కొడుతూనే ఉంది. సీసా నా చేతికొచ్చింది.

దాని పిచ్చి ఇంకోటి చెప్పనా? రెండేళ్లుగా సీసా మూత పళ్లతో తియ్యడం ప్రాక్టీసు చేస్తోంది. పరిగెడుతూ! వంటింట్లో, మెట్ల మీద, ఎక్కడపడితే అక్కడ ఎలకలా కొరుకుతూ ఉంటుంది. పైగా నన్నే బిగించమంటుంది. 'ఇంకా గట్టిగా అక్కా, ఇంకా గట్టిగా' అని. ముందుపన్ను కొస విరిగింది. సర్కస్‌లో చేరవే అన్నాను. ఆ విరిగిన పన్ను బయటపెట్టి నవ్వింది.

ఉండు, ఉండు... ఆ తెర చూడు! ఎండకి ఇద్దరు ఆగిపోయారు. అయిదోది! అయితే ఏంటి? అయిదోదానికి మాత్రం ఏమిస్తారు?

అలా చూడకు. నాకు సంతోషం లేదనుకోకు. ఉంది. ఉందిగానీ... సరే, విను. ఎలాగూ అర్థం కాదుగా.

రెండేళ్ల కిందట పెద్ద పోటీ. ఇలాంటిదే టేబులు, ఇలాగే నేను. మూడోదిగా వచ్చింది, సీసా లాక్కుంది, మూత రాలేదు. తిప్పింది, తిప్పింది, ఆగి కూడా తిప్పింది. చివరికి విసిరేసింది. గొంతెండిపోయి, తూలుకుంటూ నాలుగోదిగా చేరింది. ఇంటికొచ్చాక 'పర్లేదక్కా, నా చేతులకి చెమట పట్టింది' అంది.

చెమటా కాదు, గాడిద గుడ్డూ కాదు. ఇరవయ్యేళ్లు రోలరు తిప్పిన చేతులివి. నా బిగింపు సంగతి నాకు తెలీదా? కావాలనే బిగించాను. ఆ వారమంతా కనిపించినవాడల్లా 'మీరు ఆవిడ అక్కగారా?' అని అడిగాడు. నేనూ పరిగెత్తానని ఒక్కడికీ గుర్తులేదు. కడుపు మండింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది, లేదు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను. పొద్దున సీసా నా చేతిలో పెడుతూ కోచ్ అన్నాడు. 'ఆ పోటీ అయ్యాక నిన్ను మార్చేద్దామని చెప్పాను. వినలేదు. అక్కే ఉండాలి, మూత సంగతి నేను చూసుకుంటా అంది' అని.

మూత సంగతి నేను చూసుకుంటా! విన్నావా? పన్ను విరగ్గొట్టుకుంది గానీ నన్ను తీసెయ్యలేదు. ఒక్క తిట్టు తిట్టొచ్చుగా? జుట్టు పట్టుకుని అడగొచ్చుగా? ఇంత మంచితనం ఎవరడిగారు దాన్ని?

అదిగో వస్తున్నారు! నీ పిల్ల రెండోది, చెయ్యి చాపు, చాపు! మాది... మూడోదాని వీపు వెనకే ఉంది, నాలుగోది! ఒసేయ్ ఇటు, ఇటు చూడు, పట్టుకో...

పట్టుకుంది. చూశావా? మూత ఉందనుకుని పళ్లు పెట్టింది. లేదు. నేనే తీసేశాను, ఒలక్కుండా సగం పారబోసి మరీ ఇచ్చాను. గడ్డమంతా కార్చుకుంటూ తాగింది. తాగి వెనక్కి తిరిగింది, నా వైపు.

పరిగెత్తవే మొద్దూ! ముందుకు చూడు!

ఇదీ దాని తెలివి నాయనా. ఇంకా ఏడు కిలోమీటర్లుండగా, మూడోది అడుగు దూరంలో ఉండగా, అక్క మొహం చూడాలట. దీనికి పతకం వస్తుందా? రాదు. రాసి పెట్టుకో.

రాకపోతే మాకు అలవాటే. వస్తేనే చిక్కు. మెళ్లో వేసుకుని తిన్నగా నా దగ్గరికే వస్తుంది. అప్పుడు ఈ మూత గుప్పిట్లో పెట్టుకుని నేనెక్కడికి పోను?