మూడు వేల ఐదొందల కిలోమీటర్ల కొత్త కారు

విజయనగరంలో ఒక కార్ల షోరూము. తెల్ల కారు పక్కన ముగ్గురు: గరివిడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన అసిరమ్మ, ఆమె భర్త అప్పలసూరి, షోరూములో కార్లు అమ్మే రమేష్‌బాబు.

“అది కాదు బాబూ, కొత్త బండంటన్నావు. మరి కొత్త బండికి బానెట్టు సందులో పసుపేటి?”

“పసుపా అమ్మా? దుమ్మయి ఉంటుంది. యార్డులో పెట్టినప్పుడు...”

“దుమ్మేదో పసుపేదో నాకు తెలీదేటి? ఏలెట్టి సూడు. కుంకం కూడా ఉన్నాది.”

“షోరూమోళ్లే పూజ సేసుంటార్లేయే. మంచిదే కదా, మనకి కొబ్బరికాయ కర్సు తగ్గింది.”

“నువ్వుండు మావా. పూజ కొన్నోళ్లు సేయిస్తారు గానీ అమ్మినోళ్లు సేయిస్తారా?”

“సార్ కరెక్టుగానే చెప్పారమ్మా. మేం ప్రతి బండికీ...”

“ఆ ఎర్ర బండికి లేదు. నీలం బండికీ లేదు. ఇందాకే సూసొచ్చినాను. సరే గానీ, మీటరేసి సూపించు.”

“మీటర్లో ఏముంటుందమ్మా. ముందు ఈ స్క్రీన్ చూడండి, పాటలు ఎంత బాగా...”

“మీటరు.”

“మూడు వేల... ఐదు వందల పన్నెండు.”

“ఏటీ?”

“ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కదమ్మా. దారి పొడుగునా...”

“బళ్లన్నీ లారీల మీదొస్తాయి. మా రైలుగేటు కాడ రోజూ సూస్తన్నాను. ఇదొక్కటీ నడిసొచ్చిందా?”

“అసిరీ, బాబుని ఇబ్బంది పెట్టకే. బండి బాగున్నాది. బేగి సంతకం పెట్టీసి ఎల్లిపోదాం, బస్సు టైమయిపోతన్నాది.”

“కారు కొన్నాక బస్సెందుకు మావా? పొద్దున్నుంచీ సూస్తన్నాను, నువ్వు నా ఏపా, ఆ బాబు ఏపా?”

“నానే ఏపూ కాదు.”

“అలాగుండు. బాబూ, ఇది డెమో బండి. అవునా, కాదా?”

“డెమో అనకూడదమ్మా. లైట్‌గా వాడిన కొత్త బండి.”

“ఇన్నావా మావా? లైటుగా వాడిన కొత్త బండంట.”

“ఇన్నాను.”

“కాగితాల మీద మీరే మొదటి ఓనరమ్మా. ఇంకెవరి పేరూ ఉండదు. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలిసిపోనాది కదా మరి. నా మాట ఇను బాబూ. మామిడికాయ అమ్మిన డబ్బులూ, సీటీ పాడిన డబ్బులూ కలిపి నా కాడ ఆరు లచ్చల యాభై వేలున్నాయి. నువ్వు ఏడు ఇరవై అంటన్నావు. ఆ డెబ్బై వేలకి మామిడి తోట తాకట్టెట్టాల. నాను పెట్టను. మా అత్త అలాగే పెట్టి పెట్టి అంతా పోగొట్టింది, మిగిలింది ఆ ఎకరమే. మా కూతురు సుహాసిని లైసెన్సు తీసింది. గరివిడి నుంచి టీచరమ్మల్ని బడికి తిప్పుతానంటన్నాది. నాకు బండీ కావాల, తోటా ఉండాల.”

“అర్థమైందమ్మా. కానీ మా మేనేజర్ ఒప్పుకోడు. మీ కోసం ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీగా ఇప్పిస్తాను.”

“తోట పోతే మేట్లేసుకుని పడుకోమంటావా?”

“పోనీ వినాయకుడి బొమ్మ కూడా.”

“వినాయకుడు మా ఇంట్ల ఉన్నాడు. ఇను. మా ఊళ్ల కారు కిరాయి కిలోమీటరుకి ఇరవై. ఇది మూడు వేల ఐదొందలు తిరిగింది. డెబ్బై వేలయింది, అది తగ్గించు. పైన పన్నెండు కిలోమీటర్లూ నీకు ఒగ్గేసినాను.”

“అదేం లెక్కమ్మా?”

“నాయమైన లెక్క. నా కారు నాను కొనకముందే ఎవలు తిప్పినారో, ఆ కిరాయి ఆళ్ల కాడ వసూలు సేసుకో. ఎవలు తిప్పినారు?”

“కస్టమర్లమ్మా. టెస్ట్ డ్రైవ్‌కి వచ్చినవాళ్లు.”

“ఏ కస్టమర్లు?”

“ఒగ్గేయే అసిరీ. ఊరు పేరూ తెలీనోళ్లతో మనకేటి?”

“రాసుకున్న పుస్తకం ఉంటాది కదా. తే బాబూ.”

“రమేష్‌బాబూ, పుస్తకమెందుకు బాబూ ఇప్పుడు...”

“నేను మాత్రం ఏం చెయ్యను అప్పలసూరి గారూ? డెబ్బై వేలు నా జీతంలోంచి కోస్తారు. అమ్మా, మీరే అడిగారు. ఇదిగో రిజిస్టర్.”

“ఇంగ్లీషులో ఉన్నాది. నువ్వే సదువు.”

“పద్నాలుగో తారీకు. అప్పలసూరి, శ్రీకూర్మం, నూట అరవై కిలోమీటర్లు. ఇరవై మూడు. అప్పలసూరి, శృంగవరపుకోట, డెబ్బై ఆరు. ముప్పై. అప్పలసూరి, గుర్లలో పెళ్లి. అప్పలసూరి. మళ్లీ అప్పలసూరి. ఇంకా చదవమంటారా?”

“మావా.”

“ఊఁ.”

“శృంగవరపుకోట ఎందుకెల్లినావు?”

“సంతకి.”

“బండి నడిపి సూడమంటే సంతకెల్తారా?”

“ఆ గతుకుల మీద నడిపితే కదే షాకబ్జార్లు ఎలాగున్నాయో తెలిసేది.”

“మూడు వేల ఐదొందల్లో మూడు వేలు ఆయనవేనమ్మా. ఇప్పుడు చెప్పండి, కిరాయి ఎవరు కట్టాలి?”

“ఉండు బాబూ. శ్రీకూర్మం... మావా, అది నీ నేస్తం మోహనకృష్ణ కారన్నావు కదా నాతోటి?”

“అన్నాను.”

“నాను ముందు సీట్ల కూసున్నాను.”

“కూసున్నావు. ఆ పసుపూ నువ్వే రాసినావు. గుడి కాడ ఎవలో కొత్త బండా అనడిగితే నువ్వాగినావేటి? వొద్దే, మనది కాదే అంటన్నా ఇన్నావా?”

“అప్పుడు దీని ఒంటి నిండా ఏవో రాతలుండేవి. దీన్ని నానెలా పోలుస్తాను?”

“టెస్ట్ డ్రైవ్ అని రాసి ఉండేదమ్మా. మొన్ననే పీకేశాం.”

“నా మొగుడు నా పరువు తీసినాడు. ఇంటికి పద, నీ పని సెప్తాను. ఆ పుస్తకం ఇలాగియ్యి బాబూ.”

“ఇంకా ఎందుకులెండమ్మా. ఏడు ఇరవైకి బిల్లు రాయించేస్తాను.”

“ఇయ్యి. ఇదేటి, ఇక్కడ నా సంతకం ఉన్నాది?”

“ఎక్కడా?”

“ఇదిగో, తెలుగులో. అసిరమ్మ. ఆ రోజు కారెక్కేముందు పెట్రోలు లెక్కని మావ పెట్టమన్నాడు, పెట్టినాను. పక్కన ఏటి రాసుంది?”

“ఏముంటుందమ్మా, మామూలే.”

“సదువు.”

“అసిరమ్మ. టెస్ట్ డ్రైవ్ చేశారు. బండి చాలా బాగుందన్నారు.”

“నాకు సైకిలు కూడా తొక్కడం రాదు. కిందన ఈ ఏలిముద్ర ఎవలిది?”

“అది... సార్ వాళ్ల అమ్మగారిది.”

“మా అత్తా నడిపిందా? రెండు కళ్లకీ శుక్లాలే. సెయ్యట్టుకుని కారెక్కించినాను.”

“ఎక్కారు కదమ్మా. అదే రాశాం. నెలకి అరవై టెస్ట్ డ్రైవ్‌లు చూపించకపోతే నాకు ఇన్సెంటివ్ రాదు, కంపెనీ నుంచి షోరూముకీ డబ్బు రాదు. అరవై మందిని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? సార్ బండి అడిగారు, ఆరుగురు ఎక్కారు, ఆరు రాసుకున్నాం. ఆయనకీ పనయింది, మాకూ పనయింది.”

“ఆరుగురికీ కంపెనీవోళ్లు డబ్బులిచ్చినారా?”

“ఇచ్చారు. అంటే... అది మా లోపలి విషయమమ్మా.”

“మా అత్త నడిపినందుకు కూడా?”

“అమ్మా, పుస్తకం ఇలా ఇవ్వండి.”

“అట్ట మీద ఈ ఫోను నంబరు ఎవలిది?”

“కంపెనీ హెడ్డాఫీసుది. ఎందుకమ్మా?”

“మావా, సుహాసినికి ఫోను కలుపు. అదైతే ఇంగ్లీషు మాటాడతాది.”

“కలపనా?”

“కలపకండి సార్. అమ్మా, కూర్చోండి. టీ తెప్పిస్తాను. ఎందుకమ్మా ఇదంతా, మనలో మనం. ఆరు యాభైకి ఇచ్చేస్తాను. మేనేజర్‌కి నేను చెప్పుకుంటాను. పుస్తకం ఇచ్చేయండి.”

“ఇన్నావే అసిరీ? ఆరు యాభైయేనంట. నువ్వడిగిందే ఇస్తన్నాడు. తోట మిగిలింది. ఇచ్చీయే పుస్తకం.”

“ఆరు యాభై పుస్తకం సూడకముందు రేటు మావా.”