జవాబు పాడే గొంతు

అధ్యక్షపీఠం మీద ఉన్న ప్రిన్సిపాల్ ప్రసాదరావు గారికీ, ముందు వరుస కుర్చీలు దక్కిన పెద్దలకూ, దక్కక గోడకు ఆనుకున్న మిత్రులకూ, కొల్లేటి లంకల నుంచి పడవల మీద వచ్చిన అమ్మలకూ అయ్యలకూ, మెడలో దండతో నా వంక అనుమానంగా చూస్తున్న దుర్గమ్మ గారికీ నమస్కారాలు.

నేను ఏలూరులో గ్రామఫోనులు అమ్ముకునే బి.ఏ.ని. ప్లేటు మీద ముల్లు పెట్టడానికి డిగ్రీ ఎందుకని మా నాన్నగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అరుగో, మూడో వరుసలో కూర్చుని మళ్ళీ అడగబోతున్నారు. (నవ్వులు)

దుర్గమ్మ గారూ, రత్నం గారూ కొల్లేటి లంకలో పాటలు కట్టి పాడే వదినా మరదళ్ళు. కొల్లేట్లో మంచు పట్టినప్పుడు ఒక పడవలోని వారు సగం చరణం పాడితే, వినబడిన వారెవరైనా సరే మిగతా సగం అందుకోవాలి. అప్పుడే పడవకు దిక్కు తెలుస్తుంది. విని ఊరుకోవడం అక్కడ ఎవరూ చేయని పని. ఆ అలవాటే మద్రాసు వెళ్ళి మూడు ప్లేట్లుగా తిరిగి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది మొదటిది, పడవ పాట. తరువాత కోతల పాట. ప్లేట్ల కంపెనీవారు ఒకవైపు లేబులు రెండోవైపు అంటించి పంపినా అమ్ముడుపోయింది. మూడోది అప్పగింతల పాట. కైకలూరు పెళ్ళిళ్ళలో దాన్ని ఎంత అరగదీశారంటే, పెళ్ళికూతురి కంటే ముందు ముల్లు ఏడ్చేది. (నవ్వులు) అన్నిట్లోనూ పిలుపు దుర్గమ్మ గారిది, జవాబు రత్నం గారిది.

నిరుడు గాలివానకు రత్నం గారి పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు.

నాలుగో ప్లేటు దుర్గమ్మ గారు ఒక్కరే పాడారు. ఇంకో గొంతు పెడతామని కంపెనీవారంటే వద్దన్నారు. సగం చరణం పాడి, జవాబుకు పట్టేంత సేపు ఆగి, తరువాతిది ఎత్తుకున్నారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం కొట్లో నేనూ మా నాన్నగారూ తప్ప ఎవరూ లేనప్పుడు ఆ ప్లేటు పెట్టాను. మొదటి ఖాళీలో ముల్లు గీసుకుంటున్న చప్పుడు. రెండోదాంట్లో నీళ్ళ చప్పుడు, పడవ నడపడానికి గడ వేసినప్పుడు వచ్చేలాంటిది. మూడోదాంట్లో, పాట అందుకోబోతూ ఎవరో ఊపిరి పీల్చారు.

(ముందు వరుసలో కుర్చీలు కదిలిన చప్పుడు)

తర్కశాస్త్రం చదివినవాణ్ణి కనుక శాస్త్రోక్తంగా వీధిలోకి పరుగెత్తాను. ఏ శాస్త్రమూ చదవని మా నాన్నగారు అప్పటికే వీధిలో ఉన్నారు.

ఇది చెబితే దుర్గమ్మ గారు ఆశ్చర్యపోలేదు. పాట మానేస్తున్నానన్నారు. ఇంత గొంతు పెట్టుకుని మానడమేమిటండీ అని లంకకు వెళ్ళి బతిమాలాను. వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు:

"నేను పిలిస్తే మా వదిన పలక్కుండా ఉండలేదు బాబూ. ఆ నీళ్ళలోంచి ఎన్నిసార్లు లేచి రమ్మంటాను?"

ఇక బతిమాలలేదండీ, చివరిసారి ఒక్క పాట, ఈ సభలో, అని మాత్రం అడిగాను.

ఇప్పుడు ఆవిడ చివరిసారి పాడతారు. ఒక్కటే షరతు పెట్టారు: ఖాళీ వదలకూడదు. ఆవిడ ఆగిన చోటల్లా సభ అందుకోవాలి. గొంతు బాగాలేదని ప్రిన్సిపాల్ గారితో సహా ఎవరూ తప్పించుకోవద్దు. మనం పలికితే, రత్నం గారు పలకనక్కరలేదు.

ఓపిగ్గా విన్న మీకందరికీ, ఇన్నేళ్ళూ మా కొట్టుకు పాట పోసిన ఆ ఇద్దరికీ కృతజ్ఞతలు. పాట అయిపోయి మనమంతా ఆగాక కూడా ఒక గొంతు మిగిలి ఉంటే, వెనక్కి తిరిగి చూడకండి. తలుపు దగ్గర నిలుచున్నవారు మాత్రం కొంచెం పక్కకు జరిగి, దారి ఇవ్వండి.

సెలవు.